దొంగ పేషెంటు

"నేనేమన్నా దొంగనా, నా మీద కాపలా పెట్టడానికి?" హెడ్ నర్సు రిజిస్టరును బల్లమీద విసిరికొట్టింది.

గది తుడుస్తున్న ఆయా పనిలో చేరి ఆరు నెలలే అయింది. మెల్లగా మళ్ళీ చెప్పింది. పై ఆఫీసు నుంచి ఇవాళ ఒక దొంగ పేషెంటు వస్తుందట. కడుపుతో ఉన్న మాట నిజమేనట గానీ, వచ్చేది చూపించుకోవడానికి కాదట. సిస్టరు చేతులు కడుక్కుందా, బీపీ చూసిందా, కసురుకుందా, అన్నీ మనసులో పెట్టుకుని బయటికెళ్ళి మార్కులు వేస్తుందట. డాక్టరుగారు తన గదిలో ఫోన్ మాట్లాడుతుంటే ఆయా చెవిన పడిందట.

హెడ్ నర్సుకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆమె చేతులమీద పుట్టినవాళ్ళు ఇప్పుడు పిల్లల్ని కంటున్నారు. ఆమెకు పరీక్ష పెట్టడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. కానీ బయట బెంచీల మీద ముప్పైమంది ఉన్నారు, అందులో ఆ మాయలాడి ఎవరో ముఖం మీద రాసి లేదు. తిట్టుకుంటూనే బీరువా మీది బీపీ మిషను దింపించి దుమ్ము దులిపింది.

ఆ ఉదయం వచ్చిన ప్రతి మనిషికీ కుర్చీ దొరికింది. "ఏమ్మా, పొద్దున్నేమైనా తిన్నావా?" అని అడిగేసరికి ఒకామె బెదిరిపోయి, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. హెడ్ నర్సు పైకి నవ్వుతూ లోపల పళ్ళు నూరుకుంటూనే ఉంది.

పదిహేడో మనిషికి ఎనిమిదో నెల. రెండ్రోజులుగా తలనొప్పి అంది. పాదాలు ఉబ్బిపోయి, పట్టని చెప్పుల్ని చేత్తో పట్టుకొచ్చింది.

మామూలు రోజైతే, నెలలు నిండుతుంటే కాళ్ళు వాయక ఏం చేస్తాయి, పో, అని రెండు మాత్రలు చేతిలో పెట్టేది. ఇవాళ మాత్రం దొంగ పేషెంటు ఇదేనని గట్టిగా అనుకుంది. అచ్చం పాఠం అప్పజెప్పినట్టే చెబుతోంది మరి. 'చూసుకోవే, నా పనితనం' అనుకుంటూ బీపీ పట్టీ కట్టింది. నూట డెబ్బై. మళ్ళీ కట్టింది. నూట ఎనభై.

బీపీని ఎవరూ నటించలేరు. హెడ్ నర్సు కోపం ఎగిరిపోయింది.

"కళ్ళు మసకేస్తున్నాయా?"

"పొద్దుట్నుంచి, సిస్టర్."

ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. ఏం చెయ్యాలో ఆమెకు కొట్టినపిండే, ఎప్పుడూ కొట్టినపిండే. ఇన్నాళ్ళూ చెయ్యాలన్న బుద్ధే కరువు. డాక్టర్ని పిలిపించింది, ఇంజెక్షన్ చేసింది, అంబులెన్సు ఎక్కించేదాకా ఆ అమ్మాయి చెయ్యి వదల్లేదు.

సాయంత్రం పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆపరేషన్ అయింది, ఇద్దరూ క్షేమం, ఇంకో గంట ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్ళమన్నారు. హెడ్ నర్సు ఉబ్బితబ్బిబ్బయింది. ఈ సంగతి మార్కుల్లో రాసుకోమని పై ఆఫీసుకు తనే ఫోన్ చేసింది. ఈ ఏడాది ఎవర్నీ పంపలేదు, పంపే ఆలోచన కూడా లేదు అని అక్కడి గుమాస్తా ఠపీమని ఫోన్ పెట్టేశాడు.

ఆమె గిర్రున ఆయా వైపు తిరిగింది.

"పొద్దుట్నుంచి కోతిని ఆడించినట్టు ఆడించావు. ఎందుకు చెప్పావు అంత అబద్ధం?"

ఆయా తడిగుడ్డ బకెట్లో పిండి, చేతులు తుడుచుకుంది.

"పోయినేడు మా అమ్మాయి ఇదే బల్ల ముందు నిలబడి తలనొప్పి అంది. రెండు మాత్రలిచ్చి పొమ్మన్నారు. తెల్లారేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆరోజు మిమ్మల్ని ఎవరూ చూడటం లేదనుకున్నారు, సిస్టరమ్మా. దాని పక్కనే నిలబడి నేను చూస్తూనే ఉన్నాను."