లైటు పట్టినవాడు

వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. ఆ వెనకే హసీనా పరుగున వచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

“ఏసన్న వచ్చినాడా?”

ఆమె మొగుడు రసూల్ సాబ్ గబుక్కున టీవీ సౌండు తగ్గించాడు. “టేపులో మాట్లాడతాండాడు. నువ్వు పోయి పని చూసుకో.”

“నా పానం పోయింది కదయ్యా! పక్కన నిలబడి పిలిచినట్టే ఉండాది.” ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తుంగభద్ర ఏసన్నను తీసుకుపోయి ఇంకా నెల తిరగలేదు. ఆదోనిలో రసూల్ పెళ్లిళ్లకు వీడియో తీస్తుంటే, మాధవరం ఏసన్న పక్కన నిలబడి లైటు పట్టేవాడు. లైటు కంటే వాడి నోరే ఎక్కువ పనిచేసేది. పెళ్లికొడుకును నవ్వించేవాడు, ముసలమ్మలతో పరాచికాలాడేవాడు. కెమెరాకు ఆనుకుని ఉంటాడు కాబట్టి మంత్రాల కంటే, మేళం కంటే వాడి మాటలే మైకులో గట్టిగా పడేవి. వాటిని కప్పెట్టడానికే రసూల్ ప్రతి పెళ్లి క్యాసెట్టుకూ ఆసాంతం పాటలు వేసేవాడు. ఊళ్లో సంగతులన్నీ చెప్పే ఏసన్న, తన ఇంటి సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. రసూల్ ఎన్నడూ ఆ గడప తొక్కలేదు.

మొన్న ఏసన్న మేనమామ ఎల్లప్ప రసూల్ వీడియో అంగడికొచ్చి నిలబడ్డాడు.

“రసూలన్నా, ఆదివారం వాని పేరున ప్రార్థన పెట్టుకున్నాం. వాళ్లమ్మ, మా దేవక్క, అన్నం ముట్టేది లేదు. నీ టేపుల్లో మావాడు ఉన్నాడంట కదా? ఒక్కపారి వాన్ని మా యక్క దగ్గరికి తెచ్చియ్యి. అంతే సాలు.”

“తెస్తానప్పా. టీవీ, క్యాసెట్టు ఆడే డెక్కు నేనే మోసుకొస్తా.”

మాటిచ్చాక తెలిసింది కష్టం. లైటు పట్టేవాడు బొమ్మలో ఎందుకుంటాడు? ‘అడ్డం రావద్దురా’ అని ఇన్నాళ్లూ వాడిని తిట్టింది తనే.

పెళ్లివారికి పాటలేసిన కాపీ ఇచ్చేశాక అసలు టేపును చెరిపి మరో పెళ్లికి వాడుకోవడం రసూల్ పద్ధతి. ఇంకా చెరపని టేపులన్నీ బీరువాలోంచి దించాడు. ఒక్కొక్కటీ తిప్పి, ఏసన్న కనిపించిన చోటల్లా డెక్కు మీది అంకె గుర్తు పెట్టుకున్నాడు. ఒక టేపులో పెళ్లికూతురి వెనక అద్దంలో అర ముఖం. ఇంకోదాంట్లో పందిరి గుడ్డ మీద నీడ. ఎమ్మిగనూరు పెళ్లిలో ఎవరో కుర్రాడు సరదాకి కెమెరా లాక్కోబట్టి, విస్తరి ముందు నోట్లో ముద్దతో నవ్వుతూ నిండుగా దొరికాడు.

ఉరుకుంద పెళ్లి టేపులో మాత్రం కరెంటు పోయి తెరంతా చీకటి. ఆ చీకట్లో ఏసన్న గొంతు. “అవ్వా, బయపడాకు. నా సెయ్యి పట్టుకో. సెయ్యి పట్టుకుని నడిపిచ్చేది నాకు సిన్నప్పట్నుంచి అలవాటే.”

బొమ్మ లేని టేపు. రసూల్ దాన్ని పక్కన పడేశాడు.

తర్వాత రెండో డెక్కు కలిపి, గుర్తు పెట్టుకున్న ముక్కల్ని విడతలు విడతలుగా ఒకే క్యాసెట్టులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. దానికి ముందు, పాత మాటలు ఎక్కకుండా సౌండు వైరు పీకేసి, ఆ చోట టేపురికార్డరు వైరు పెట్టాడు. మంచి విషాద గీతం ఏరి ఉంచాడు.

“పాటెందుకు? వాని మాట వాన్నే మాట్లాడనీ,” అంది హసీనా.

“నువ్వే గిన్నె జారవిడిస్తివి. కన్నతల్లి ఆ గొంతు ఇంటే తట్టుకుంటాదా? అయినా వాడు మాట్లాడింది ఏముంది? ‘వైరు తొక్కాకు, పక్కకు జరుగప్పా’ ఇదేగా!”

హసీనా మళ్లీ వంటింట్లోకి పోయింది.

ఆ వారమే వరసగా పెళ్లిళ్లు తగిలాయి. కొత్త టేపులు బళ్లారి నుంచి రాలేదు. ఏసన్న ముక్కలన్నీ ఎలాగూ తీసుకున్నాడు. ఆ పాత టేపుల మీదే పెళ్లిళ్లన్నీ తీసేశాడు రసూల్. ఉరుకుంద టేపు అన్నిటికంటే ముందు చెరిగిపోయింది.

ఆదివారం టీవీని బొంతలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మాధవరం చేరాడు. పాస్టరు ప్రార్థన ముగించేసరికి వాకిలంతా జనం. చాప మీద, అందరికంటే ముందు, తల వంచుకుని దేవక్క కూర్చుంది. రసూల్ దగ్గరికి వెళ్లగానే అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“నువ్వేనా నాయనా రసూల్ సాబువి? మావానికి పొద్దస్తమానం నీ మాటే. తెచ్చినావా వాన్ని?”

“తెచ్చినానక్కా.”

క్యాసెట్టు తిరిగింది. పాట ఎత్తుకుంది.

“అద్దంలో సూడండి, వాడే!”

“అయ్యో, ఆ నవ్వు సూడే!”

ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఆ తల్లి ముఖం చూసే ధైర్యం లేక రసూల్ టీవీ వైపే చూస్తూ నిలబడ్డాడు. ముద్ద నములుతూ నవ్వే ఏసన్న దగ్గర బొమ్మ ఆగింది. పాట కూడా సరిగ్గా అక్కడే ముగిసింది. ఇంత బాగా కుదిరిన పని తన చేతి మీదుగా ఎన్నడూ జరగలేదనిపించింది.

“ఏడవాకండే, కొంచేపు గమ్మునుండండి,” అని దేవక్క అందరినీ వారించింది. వాకిలి నిశ్శబ్దమైంది. ఆమె అలాగే కాసేపు ఎదురు చూసింది.

“పాట బాగుంది నాయనా. మావాన్ని ఎప్పుడు పెడతావు?”

రసూల్‌కు అర్థం కాలేదు. “అయిపాయ కదక్కా. ఇంతసేపూ వాడే...”

ఎల్లప్ప అతని భుజం పట్టుకుని పక్కకు లాగాడు. “పాటెందుకేసినావన్నా? వాడు ఒక్క మాటన్నా మాట్లాడలేదే! నీకు వాడెప్పుడూ సెప్పలేదా?”

దేవక్కకు పుట్టుకతోనే చూపు లేదు.