కొక్కేల గోడ

కారు కోసం కట్టించుకున్న గ్యారేజీలో కారు తప్ప అన్నీ ఉన్నాయి. కారేమో ఎండకి ఎండి, వానకి తడిసి వీధిలో పడుంటుంది. గ్యారేజీ తలుపెత్తితే చాలు, నిచ్చెనలు, రంపాలు, నీళ్ళ గొట్టాలు, చెట్లు కత్తిరించే కత్తెరలు మీదకి దూకుతాయి. ఆ ఇంట్లోకి వచ్చిన వస్తువు తిరిగి గడప దాటిన చరిత్ర లేదు. వీధిలో ఆ ఇంటాయన్ని పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. చంటిపిల్లల దగ్గర్నుంచి అందరికీ అతను ‘గోదాం గారే’.

ఆ పేరు ఈసారి చెరిపేసుకోవాల్సిందే అనుకున్నాడు. భార్యని వెంటబెట్టుకుని అలమరల కొట్టుకి వెళ్ళాడు.

“తలుపులున్న బీరువాలు తీసుకోండి. తాళం కూడా ఉంటుంది,” అంది ఆవిడ.

“తాళమెందుకే? లోపల బంగారమేమైనా ఏడిసిందా?”

“బంగారమైతే నాకు భయమే లేదు.”

కొట్టతను గోడకి బిగించే చిల్లుల పలక చూపించాడు. కొక్కేలకి తగిలిస్తే ప్రతి వస్తువూ ఎదురుగా కనపడుతుంది. అతని మనసు దానికే చిక్కుకుంది.

“సుత్తులెన్ని ఉన్నాయండి?” కొట్టతను అడిగాడు.

“ఐదు.”

“ఒక్క చేతికి ఐదు సుత్తులా?”

“నాకూ వింతగానే ఉందయ్యా. ఇంతా చేసి నేను కొట్టిన మేకు ఒక్కటీ తిన్నగా దిగదు.”

“పోనీ, ముందు పరదా అయినా కట్టండి,” ఆవిడ ఆఖరిమాటగా అంది.

“నలుగురూ చూడాలనే కదటే ఈ తంటా.”

ఆదివారం పొద్దుణ్నుంచీ బొటనవేలు నలగ్గొట్టుకుంటూనే బిగించాడు. సామానంతా ఫొటోకి నిలబడ్డ బడిపిల్లల్లా వరస కట్టింది. గ్యారేజీ నేల ఏ రంగులో ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది.

సాయంత్రం వీధివాళ్ళందర్నీ టీకి పిలిచాడు. ఆవిడ కప్పులందించి, వంటింట్లోకి పోయి తలుపేసుకుంది.

ఎదురింటాయన గోడని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నెమ్మదిగా చూశాడు.

“ఎంత బాగా సర్దారండీ. అన్నీ చేతికందేలా ఉన్నాయి.”

గోదాం అన్న నోళ్ళే మెచ్చుకుంటుంటే అతనికి కడుపు నిండిపోయింది.

“మొహమాటపడకండి. దగ్గరికెళ్ళి చూడండి,” అన్నాడు.

చీకటి పడేలోగా, ఎన్నడో అరువిచ్చి మరిచిపోయిన తమ తమ వస్తువుల్ని గుర్తుపట్టి అందరూ పట్టుకుపోగా, గోడ మీద అతని సొంతానివి కొక్కేలే మిగిలాయి.