అందరూ నవ్విన ఫోటో

"వేరు పడుతె పడున్రి. గోడ కట్టుకుంటె కట్టుకోన్రి. దానికంటె ముందు ఇంటిల్లిపాది కలిసి ఒక్క ఫోటో దిగాలె. అదొక్కటి నాకియ్యిన్రి" అంది చంద్రభాగ.

పెద్దకొడుకు రాజారాం ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మకు విడిపోవడమంటే భయం. కొడుకులు బజారుకు వెళ్లినా, తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడుతుంది. వాటాలనగానే అన్నం మానేస్తుందనుకున్నాడు. ఒక్క ఫోటోతో పోతోంది.

"స్టూడియో వాణ్ణి పిలుస్త" అన్నాడు.

"వాడు ఒక్కసారి నొక్కి పోతడు. మనింట్ల అందరు ఒక్కపారే యాడ నవ్వుతరు? కెమెరానే కొందాం."

అదీ నిజమే. షోలాపూర్ దాజీ పేట్‌లోని ఆ ఇంట్లో నాలుగు మరమగ్గాలు తప్ప ఎవరూ గట్టిగా మాట్లాడుకుని చాలా కాలమైంది. తమ్ముడు పెంటప్ప అన్నకు ఏదైనా చెప్పాలంటే మగ్గం వైపు చూస్తూ చెప్పేవాడు. కోడళ్లయితే అదీ మానేశారు. పెద్దమనుషులు వాటాలు తేల్చారు. గోడకు ఇటుకలు కూడా దిగాయి.

చంద్రభాగ తన వెండి వడ్డాణం అమ్మింది. రాజారాం ఆమెను కుంఠా నాకాలో వెంకటేశ్ కెమెరాల దుకాణానికి తీసుకెళ్లాడు. కెమెరా ముట్టుకున్నవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. వెంకటేశ్ రెండు తీసి ముందు పెట్టాడు.

"కొత్తగ నేర్చెటోళ్లకు ఈ రీలుదే మంచిదన్నా. నొక్కుడే పని. ఏ స్టూడియోలైన కడుగుతరు. ఎన్ని కాపీలంటె అన్ని."

రాజారాంకు నచ్చింది. రెండు కాపీలు. అన్నకొకటి, తమ్ముడికొకటి. తగవు లేదు.

చంద్రభాగ రెండోదాన్ని వేలితో తాకింది. "గిదేంది బిడ్డా?"

"గది డిజిటల్, పెద్దమ్మా. ముంబైల మా బావ వాడి ఇచ్చిండు. రీలుండది."

తొంభై తొమ్మిదిలో అది షోలాపూర్‌కు వింత.

"రీలు లేకుంటె ఫోటో యాడుంటది?"

"లోపల్నే."

"కాయితం మీదికి రాదా?"

"కంప్యూటర్ ఉన్నోళ్లకు వస్తది. మనసొంటోళ్లం గీ చిన్న టీవీలనే చూసుకోవాలె. మంచిగ రాకుంటె తుడిచి మల్ల దిగొచ్చు."

"మరి గా ఫోటోనే ఇంకోటి కావాలంటె?"

"అమ్మా, నీకు సమజ్ గాదు, ఊకో" అన్నాడు రాజారాం, సిగ్గుపడుతూ.

వెంకటేశ్ కెమెరాను అతని వైపు తిప్పి నొక్కాడు. చిన్న తెరలో రాజారాం మొహం, చిరాకుతో సహా కనబడింది. చంద్రభాగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గిదే ఇయ్యి."

రాజారాం దారంతా గొణిగాడు. "టీవీ జూసి పడిపోయినవ్. గదైతె రెండు కాపీలు బరోబర్ వస్తుండె."

"నాకేం తెలుస్తది కొడకా?" అందామె, డబ్బా అతని చేతికివ్వకుండా.

ఆదివారం మగ్గాలు ఆపారు. పక్కింటి సుందరాబాయి బీడీల చాట పక్కన పెట్టి వచ్చి కెమెరా పట్టుకుంది. మొదటిదాంట్లో తలలు తెగాయి. ఇంకోదాంట్లో సుందరాబాయి బొటనవేలు పడింది. ఆ తర్వాతిదాంట్లో కోడళ్లిద్దరి మధ్య ఎద్దుబండి పట్టేంత ఖాళీ.

"యశోదా, జర దగ్గరికి జరుగు. నీ తోడికోడలు కరుస్తదా ఏంది?" అంది సుందరాబాయి.

"కరిసినా కరుస్తది" అంది పెద్దకోడలు.

"నీ నాలిక కంటెనా అక్కా?" అంది చిన్నకోడలు భాగ్యలక్ష్మి.

పెంటప్ప నవ్వు ఆపుకోలేక నోరు తెరిచాడు. అతని కంటే యశోదకే ముందు నవ్వొచ్చింది. సుందరాబాయి నొక్కేసింది. చూస్తే అందరూ నవ్వుతున్నారు. రాజారాం కూడా.

మర్నాడు పంపకం. చెరి రెండు మగ్గాలు. బిందెలు, గంగాళాలు. పట్టుదలకు పోయి రోలొకరు, రోకలొకరు తీసుకున్నారు.

ఫోటో దగ్గర ఆగింది.

"అది నాకు గావాలె" అన్నాడు పెంటప్ప.

"నాకొద్దా మరి?" అన్నాడు రాజారాం.

రాజారాం కెమెరా పట్టుకుని కంప్యూటర్ క్లాసులు చెప్పేవాడి దగ్గరికి పరిగెత్తాడు. వాడు అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంతోటి ఓ తీగ ఉంటది. అది లేకుంటె ఫోటో బయటికి రాదు." డబ్బాలో తీగ లేదు. వెంకటేశ్ దుకాణానికి తాళం. భివండీకి మకాం మార్చాడట.

పెద్దమనుషులు పాత కట్టుబాటే చెప్పారు. పంచడానికి వీల్లేనిది తల్లి గదిలో ఉండాలి. ఆ గదికి ఇద్దరి వైపూ తలుపు ఉండాలి. చంద్రభాగ గది సరిగ్గా గోడ రావాల్సిన చోట ఉంది. మేస్త్రీ వచ్చి, చూసి, తల గోక్కుని వెళ్లిపోయాడు.

మగ్గాలు ఆగగానే పెంటప్ప పిల్లలు ఫోటో చూడ్డానికి వచ్చేవారు. రాజారాం పిల్లలు తమ వంతంటూ లాక్కునేవారు. కెమెరాలోకి బ్యాటరీ సెల్లు ఒకసారి అన్న, ఒకసారి తమ్ముడు తెచ్చేవారు. పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక చాయ్. ఒక్క చాయ్ కోసం రెండు పొయ్యిలు దండగని ఒకటి మానేశారు. ఇటుకల కుప్ప మీద కోడళ్లిద్దరూ బట్టలు ఆరేసుకుంటున్నారు.

ఏడాది తిరిగింది. కుంఠా నాకాలో బస్సు దిగుతూ వెంకటేశ్ దొరికాడు. రాజారాం అతని కాలర్ పట్టుకున్నంత పని చేశాడు.

"ఏం తెల్వని ముసల్దాన్ని మోసం జేస్తవురా? నువ్వు తీగ ఇయ్యక మా వాటాలే ఆగిపాయె!"

వెంకటేశ్ తెల్లబోయాడు.

"ఇయ్యకపోవుడేందన్నా, మీరు మరిచిపోయిన్రని కొన్ననాడు పొద్దుగూకే మీ ఇంటికి తెచ్చిస్తె, 'గిదుంటె ఫోటో బయటికొస్తదా' అని అడిగి, 'అయితె మాకొద్దు బిడ్డా, తీస్కపో' అని మీ అమ్మనే వాపస్ ఇచ్చె!"