గుండిగ చెప్పిన సాక్ష్యం

ఓతా కొట్టిన మొదటి దెబ్బకే బోహుష్ ముక్కు చితికింది.

"మా నాన్నని ఎందుకు చంపావురా?"

"నేనెవర్నీ చంపలేదు!" బోహుష్ పెరట్లో వెల్లకిలా పడి అరిచాడు. పక్కనే పొయ్యి మీద పెద్ద గుండిగలో బార్లీ రసం కుతకుతలాడుతోంది. జన్మలో మొదటిసారి ఇంట్లో బీరు కాస్తున్నాడు పాపం. బొగ్గు గని మూతపడ్డాక, నిరుడే, బీరుకి చేదునిచ్చే హాప్ పూల తీగల తోటలున్న ఈ ఊరికి వచ్చిన మనిషి.

ముసలి అలోయిస్ శవం ఇందాకే తోటలో దొరికింది. తల రెండు చెక్కలైంది. తీగలు లాగే ఇనుప కొక్కెం రక్తంతో పక్కనే పడి ఉంది. బిగుసుకున్న పిడికిట్లో నలిగిన హాప్ పువ్వులు, ఎండి గోధుమరంగుకి తిరిగినవి. చావులో కూడా పంటను వదల్లేదు మహానుభావుడు అని కూలీలు కళ్ళు ఒత్తుకున్నారు.

ఆ ముసలాయనకీ బోహుష్‌కీ మేకల గొడవ. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఓతాకి ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. కాలెత్తి డొక్కలో తన్నాడు.

"చర్చి గంట పన్నెండు కొట్టగానే హాప్ పువ్వులు వేశానయ్యా!" బోహుష్ ముడుచుకుపోయాడు. "అప్పుడు మీ నాన్న కోతల దగ్గర కూలీల్ని తిట్టిపోస్తున్నాడు, ఇక్కడిదాకా వినిపించింది. అప్పట్నుంచీ, గంటసేపు పైనే అయింది, ఈ పొయ్యి వదిలి కదిలితే ఒట్టు!"

ఓతా పిడికిలి గాల్లో ఆగింది. కుర్రాడు కోపిష్టే గానీ దుర్మార్గుడు కాదు.

అంతవరకూ గేటు దగ్గర నిలబడ్డ అన్న హినెక్ నెమ్మదిగా ముందుకొచ్చాడు. ఆ ఇంట్లో బుద్ధిమంతుడని పేరు అతనికే.

"తొందరపడకురా ఓతా. తప్పు చెయ్యని వాణ్ణి కొడితే పాపం. నిజమో అబద్ధమో గుండిగే చెబుతుంది."

"గుండిగ చెప్పడమేంటన్నా?"

"హాప్ పువ్వు వేసి వెంటనే దించేస్తే వాసనే వస్తుంది. చేదు దిగాలంటే గంటసేపు మరగాలి. హాప్ తోటల్లో పుట్టి పెరిగిన నీకు నేను చెప్పాలా? రుచి చూడు. చేదుగా ఉంటే, కాళ్ళు పట్టుకుని క్షమాపణ అడిగి పోదాం."

బోహుష్ ముఖంలో ప్రాణం లేచివచ్చింది. "చూడండి బాబూ, చూడండి!"

ఓతా గరిటెతో తీసి, ఊదుకుని, నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం తుపుక్కున ఉమ్మేశాడు.

"తీపి! తేనెనీళ్ళలా ఉందన్నా!"

"అయితే మనం వస్తుంటే చూసి అప్పుడే వేశాడన్నమాట," హినెక్ నిట్టూర్చాడు.

"కాదు! ఆ పువ్వులు నాకు..."

హినెక్ పొయ్యి పక్కనున్న తెడ్డు అందుకుని బోహుష్ నోటి మీద కొట్టాడు. పళ్ళు రాలాయి.

ఓతా అతని జుట్టు పట్టుకుని లేపాడు. ఈడ్చుకెళ్ళి, తలను మరుగుతున్న రసంలోకి తొక్కాడు. బోహుష్ కాళ్ళు మట్టిని తన్నాయి. చేతులు గుండిగ అంచుని వెతుక్కున్నాయి. గుండిగ ఒరిగి, మంట చుయ్యిమంది. ఓతా తన చేతులు కాలుతున్నా వదల్లేదు. వదిలేసరికి బోహుష్ కదలడం లేదు.

హినెక్ పొయ్యి పక్కనున్న ఖాళీ గోనెసంచి తీసి నిప్పుల్లో వేయబోయాడు.

అప్పుడే వ్లాస్తా కోతల నుంచి పరుగెత్తుకొచ్చింది. గుండిగ పక్కన పడి ఉన్న మొగుణ్ణి చూసింది. ఆమె అరుపుకి తోటలోని కాకులు లేచిపోయాయి.

"మా నాన్నని చంపాడు," ఓతా రొప్పుతూ అన్నాడు. "గంట నుంచీ హాప్ మరిగిస్తున్నానని అబద్ధమాడాడు. చుక్క చేదు లేదు!"

వ్లాస్తా పిచ్చిదానిలా లేచి హినెక్ చేతిలోంచి సంచి లాక్కుంది. ఓతా ముఖం మీద దులిపింది. పాచి కంపు కొడుతూ, గోధుమరంగు పువ్వులు పొడిపొడిగా రాలాయి.

"చేదెక్కణ్ణుంచి దిగుద్దిరా, ఏళ్ళ తరబడి అటక మీద చచ్చిన ఈ పువ్వుల్ని కొత్త పంటని మాకు అంటగట్టింది నీ అన్నే, ఇందాక కోతల దగ్గర నేను చూపిస్తే ఓ గుప్పెడు లాక్కుని మీ నాన్న తోటలోకెళ్ళింది వీణ్ణి నిలదీయడానికే!"