గానుగెద్దుకి వ్యాయామం

భలే సంగతండీ, వినండి. ఒక అడవిలో నక్క నూనె గానుగ పెట్టింది. పొద్దస్తమానం దాన్ని తిప్పేది మైలగాడనే ఎద్దు. కాడి రాసుకుని రాసుకుని పాపం దాని మెడ పుండు పడిపోయింది.

"దొరా, పుండు మానేదాకా రెండు రోజులు సెలవిప్పించండి" అంది ఎద్దు.

"సెలవేం సరిపోతుందిరా! నీ ఆరోగ్యం నాకు ముఖ్యం కాదూ?" అంటూ నక్క, వ్యాయామాలు నేర్పే కొంగ మాస్టార్ని పిలిపించింది.

కొంగ ఒంటికాలి మీద నిలబడి, ఎద్దుని ఎగాదిగా చూసింది. "ఒంటికి కదలిక చాల్లేదు. రోజూ పనయ్యాక వంద చుట్లు నడవాలి" అని తేల్చేసింది.

"పొద్దుట్నించీ నేను చేసేదదే కదండీ!"

"అది ఉద్యోగం. ఇది వ్యాయామం."

నక్కకి ముచ్చటేసింది. "ఎలాగూ తిరుగుతావుగా, ఉత్తినే ఎందుకు? ఆ కాడి కూడా తగిలించుకో. నాలుగు నువ్వుగింజలు నలుగుతాయి."

మూడో రోజుకి ఎద్దు కూలబడింది. అదిలించినా లేవలేదు. చూస్తే సింహంగారింట్లో పెళ్లి, నూనె ఆ పూటే అందాలి. అందకపోతే సింహం ఊరుకుంటుందా? గతిలేక నక్కే కాడి ఎత్తుకుంది. నాలుగు చుట్లకే నాలుక బయటికొచ్చేసింది.

కొంగ పరుగున వచ్చి, "దొరా, కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఊపిరి పీల్చండి" అంది.

"నీ ఊపిరి తగలెయ్య, ముందీ కాడి దింపవయ్యా!" అని అరిచింది నక్క.