అందరూ భోంచేశారా?

టీవీలో మూగబాబు కళ్ళు తుడుచుకుంటుండగా తలుపు చప్పుడైంది.

టైలరమ్మకి ఒళ్ళు మండింది.

షో పేరు ‘ఒకే కప్పు’. ముక్కూమొహం తెలియని పదిమందిని ఒక ఇంట్లో పెట్టి, కెమెరాలు బిగించి, ఎవరుండాలో ఎవరు పోవాలో జనంతో ఓట్లు వేయిస్తారు. ఈసారి అన్ని రకాల మనుషులకీ చోటిచ్చామని ఛానల్ వాళ్ళు ఒకటే డప్పు కొట్టుకున్నారు. చూపు లేని గాయని, చక్రాల కుర్చీలో ఓ తాతగారు, మాటలు రాని ఈ కుర్రాడు.

వాడంటే టైలరమ్మకి ప్రాణం. తన ఫోన్ చాలదన్నట్టు, బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళ ఫోన్లు కూడా లాక్కుని ఓట్లు గుద్దేది.

“మాటలు రాకపోతే మనిషి కాదట్రా? పలకరిస్తే మీ సొమ్మేం పోతుంది?” అని టీవీలో వాళ్ళని తిడుతూనే వెళ్ళి తలుపు తీసింది.

పక్క గదిలోకి కొత్తగా దిగినాయన. మెడకి ఎప్పుడూ మఫ్లర్. నోట మాట రాదు. పేరు అడిగే ఓపిక లేక ఆవిడ ‘మఫ్లర్’ అనేసుకుంది. చేతిలో మూతపెట్టిన గిన్నె.

“ఏమయ్యా, నిన్నా ఇదే టైమే, ఇవాళా ఇదే టైమే! నా దగ్గరేం లేదు. నేనే వండుకోలేదు.”

ఆయన గిన్నె ముందుకు చాపి ఏదో సైగ చేయబోయాడు.

“నీ సైగలు నాకర్థం కావు, వెళ్ళు వెళ్ళు!”

ధడాలున తలుపు వేసేసింది.

సరిగ్గా అప్పుడే షో చివర వచ్చే గొంతు వినిపించింది. ‘ఇంటి పెద్ద’ గొంతు. మనిషి కనపడడు. రోజూ అదే మాట, అదే నింపాది.

“పిల్లలూ, అందరూ భోంచేశారా?”

ఆ ప్రశ్న కోసమే ఆవిడ పొద్దస్తమానం మిషను తొక్కేది. మొగుడు పోయాక ఆ మాట అడిగినవాళ్ళు లేరు మరి.

“ఎక్కడ నాన్నా! ఒక్కదానికి పొయ్యేం వెలిగించను? రెండు బిస్కెట్లు తిని పడుకుంటా” అంది, ఇంటి పెద్దకి వినపడాలన్నట్టు గట్టిగా.

ఆఖరి రోజు మూగబాబే గెలిచాడు. టైలరమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

బహుమతి చేతికి రాగానే వాడు మైకు లాక్కుని గడగడా మొదలెట్టాడు.

“ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకోడం మహా కష్టమైందండీ! ఈ వేషం నాకిచ్చిన ఛానల్ వారికి...”

జనం ఈలలు వేశారు.

టైలరమ్మ చేతులు ఆగిపోయాయి. ఏడుపొచ్చింది. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోడానికి ఎవరున్నారు గనక?

మఫ్లర్ గుర్తొచ్చాడు. ఈమధ్య తలుపు కొట్టడమే లేదు. నిజంగా మాట రాని మనిషి గోడకవతలే ఉంటే, ఒక్కసారి లోపలికి రమ్మన్న పాపాన పోలేదు. సిగ్గేసింది.

అంతలో తలుపు చప్పుడైంది. పరుగున వెళ్ళి తీసింది.

“రావయ్యా, రా...”

ఎవరో ఆడమనిషి. చేతిలో అదే గిన్నె.

“పక్కగది ఆయన చెల్లెల్నండీ. అన్నయ్య మొన్న ఆసుపత్రిలో పోయాడు. గది ఖాళీ చేస్తున్నాను. ఇది మీ దగ్గరుంటే బావుంటుందనిపించింది.”

“నా దగ్గరెందుకమ్మా?”

“రోజూ ఇందులో వండి తెచ్చింది మీకోసమే కదండీ. పక్కావిడ పస్తులుంటోంది, మూతైనా తీయనివ్వదు అని నాకు మెసేజీలు పెట్టేవాడు.”

టైలరమ్మ గుమ్మం పట్టుకుంది.

“నేను తినలేదని ఆయనకెలా తెలుసు?”

“అడిగితే మీరే చెప్పేవారటగా.”

“ఎప్పుడడిగాడు తల్లీ? ఆయనకి నోరే పెగలదు కదా!”

వెనక టీవీలో గొంతు పలికింది.

“పిల్లలూ, అందరూ భోంచేశారా?”

చెల్లెలు గిన్నెని గుండెలకి హత్తుకుంది.

“గొంతు ఆపరేషన్‌కి ముందు అన్నయ్య రికార్డు చేసిచ్చిన మాటండీ అది, ఇంకా దాన్నే వేస్తున్నారు.”