క్రషరు అలక

మిషన్లకు మాటలొచ్చాక ఫిట్టర్ నూకాలుకు పని తగ్గలేదు సరికదా, వాటి తగవులు తీర్చే పని కూడా వచ్చి పడింది. దసరా మర్నాడు అనకాపల్లి బెల్లం బట్టీలో చెరుకు క్రషరు మొండికేసింది. బయట ట్రాక్టర్లలో చెరుకు ఎండిపోతోంది.

"బేరింగు నొప్పి. నా వల్ల కాదు," అంది క్రషరు.

"ఒక్క చుట్టు తిరుగు, చూద్దాం."

క్రషరు మూలుగుతూ తిరుగుతుంటే స్క్రూడ్రైవర్ కొన బేరింగుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని చప్పుడు వింది నూకాలు. బేరింగు నిక్షేపంలా ఉంది.

"దొంగేడుపు మాని నిజం చెప్పు!"

"నిన్న ఆయుధపూజలో అన్నిటికీ బొట్టెట్టారు. బొట్టు నా కెమెరా కన్నుకి అడ్డమని నన్నొదిలేశారు. ఆ తుప్పు పానా కన్నా తీసిపోయానా?"

నూకాలు నవ్వాపుకుని కన్ను పక్కన కుంకం అద్దింది. క్రషరు గుర్రుమంటూ తిరిగింది. నూకాలు పక్కనే కూలబడింది.

యజమాని సన్యాసిరావు పరుగెత్తుకొచ్చాడు. "ఏటైందే దీనికి?"

"అలిగిందండి. బొట్టెడితే తిరిగింది."

"మరి నువ్వేటి కూకున్నావు? అవతల పంపు గోలెడతంది!"

"మిషన్లకి బొట్లెట్టారు, దండలేసారు, కొబ్బరికాయలు కొట్టారు. పండక్కి నాకో చీరెట్టారేటండి? నా బేరింగూ పట్టేసింది బాబూ."

ఆ మాట వినగానే క్రషరు, నూకాలుకి తోడుగా, టక్కున ఆగిపోయింది.